ముందే వచ్చిన ఊఁ

చంద్రుడి మీద నుంచి,
బట్టీ పక్క గది

వదినా,

నిన్న ఫోను లైను కట్టయ్యాక నేరుగా ఆఫీసుకి వెళ్ళి, కిందికి దిగే ఓడలో నా పేరు రాయించాను. వచ్చే ఎండ పక్షం అయిపోగానే బయల్దేరుతుంది. ఇక్కడ పగలు ఒక పక్షం, రాత్రి ఒక పక్షం కదా, మా లెక్కలన్నీ పక్షాల్లోనే. నెల కిందట నువ్వు ‘పక్షవాతం’ అన్నప్పుడు ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఏ పక్షం, ఎండదా చీకటిదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కుడి చెయ్యీ కుడి కాలూ అన్నాక అర్థమైంది.

అన్నయ్యని ఒక్కటే అడగాలనుకున్నాను. “అన్నయ్యా, నేను రానా?” అన్నాను. “ఊఁ” అన్నాడు. మాట పడిపోయిన మనిషి నా కోసం ఆ ఒక్క ముక్క కూడదీసుకున్నాడు. నువ్వూ పక్కనే ఉన్నావుగా. ఇంక నన్నెవరూ ఆపలేరు.

తమాషా ఏమిటంటే, ఆ ‘ఊఁ’ మా లైను మీద నిషేధం. నా మాట మీకు చేరడానికి కొంచెం, మీ జవాబు నాకు రావడానికి కొంచెం, మొత్తం రెండున్నర సెకన్లు పడుతుంది. ఈలోగా ఇంకో మాట మాట్లాడామా, జవాబు వచ్చి తప్పుడు ప్రశ్న మీద కూర్చుంటుంది. ఇక్కడి ఇటుకల బట్టీ తలుపుల్ని భూమి మీద నుంచే నడిపే రోజుల్లో ఒక తాపీమేస్త్రిని “అంతా బాగుందా” అని అడిగి, వెంటనే “తలుపు మూసెయ్యనా” అని కూడా అడిగారట. ఆయన మొదటిదానికి ఊఁ అన్నాడు. రెండోదానికి తలుపు పడింది. ఆయన చెయ్యి పోయింది. అప్పటి నుంచి ఉత్త ఊఁ చెల్లదు. అడిగిన మాటని జవాబులో కలిపి పూర్తిగా చెప్పాలి. “తలుపు మూయకు, నేను ఇంకా లోపలే ఉన్నాను” అనాలి. మన మాట అవగానే “అయింది, ఆగుతున్నాను” అని నోరు కట్టేసుకోవాలి. భోజనాల దగ్గర కూడా అలవాటై “కూర వేసుకుంటావా” అంటే “కూర వేసుకుంటాను” అంటున్నాం, బళ్ళో పాఠం అప్పజెబుతున్నట్టు.

అమ్మా నాన్నా పోయాక నాకు జడలు వేసినవాడు, వంకర పాపిడైనా సరే వేసినవాడు, రమ్మన్నాడు. వస్తున్నాను.

బొంగరం

*

ఇంటి నుంచి

బొంగరానికి,

నీ ఉత్తరం చూసి సంతోషం. వీధివైపు గది నీకు సర్దుతున్నాను. అందులో మీ అన్నయ్య పాత స్పానర్లు, లిఫ్టు తీగల చుట్టలు, ఎందుకు దాచారో ఆయనకే తెలియని బటన్లు బోలెడున్నాయి. ఒక బటన్ మీద పదమూడు అని ఉంది. ఊళ్ళో ఇన్ని బిల్డింగులుండగా ఆ పదమూడో అంతస్తువాళ్ళ బటనే పీక్కొచ్చారు, వాళ్ళు ఇప్పటికీ పన్నెండులో దిగి మెట్లెక్కుతున్నారో ఏమో.

మన బిల్డింగ్ లిఫ్టు మళ్ళీ ఆగింది. ఇన్నేళ్ళూ ఎవరూ పిలవకుండానే ఈయన వెళ్ళి బాగుచేసి వచ్చేవారు. ఇప్పుడు కంపెనీవాళ్ళు రేపూ మాపూ అంటున్నారు. లిఫ్టుల మెకానిక్కు మూడో అంతస్తులో ఇరుక్కుపోయారని కింది కొట్టువాడు కూడా నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను.

నీక్కూడా మొదట్లో చక్రాల కుర్చీ కావాలని ఫోన్లో అన్నావు కాబట్టి ఇంట్లో రెండు కుర్చీలవుతాయి. స్నానాల గది తలుపులోంచి ఒక్కటి కూడా పట్టదు. నేను హాల్లో నిలబడి మీ ఇద్దరికీ చెయ్యి చూపిస్తూ ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం చేస్తాను.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. మెత్తగా కలిపి పెడితే తింటున్నారు. కిటికీ దగ్గర కూర్చోబెడితే అలా చూస్తూ ఉంటారు. నువ్వు అడిగినదానికి ఆయన ఏమన్నారో నువ్వే విన్నావు, నేను కొత్తగా చెప్పేదేముంది.

జాగ్రత్త. మేం కుట్టి పంపే చేతి తొడుగుల లోపల చూపుడువేలు ఒరుసుకుంటోందని అన్నావు కదా, అక్కడ కుట్టు బయటివైపు తిప్పమని మా కుట్టుగదిలో చెప్పాను.

వదిన

*

చంద్రుడి మీద నుంచి,
డాక్టరమ్మ గది బయట బెంచీ

వదినా,

పరీక్షలన్నీ అయ్యాయి. నీ దగ్గర దాచను. పదకొండేళ్ళుగా ఆరో వంతు బరువుతో తిరిగినదాన్ని, కిందికి వస్తే నా ఒళ్ళు నాకే మోతబరువు. తుంటి ఎముకలు పెళుసెక్కాయట. కొన్నాళ్ళు మంచం, తర్వాత కుర్చీ, ఆ తర్వాత నడుస్తావో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. ఒకసారి దిగినవాళ్ళని మళ్ళీ ఎక్కనివ్వరు. ఆమె ఇవన్నీ చాలా మర్యాదగా చెప్పి, చివర్లో “కూర్చుని ఆలోచించుకో” అంది. కూర్చున్నాను. ఆలోచించకుండా నీకు రాస్తున్నాను.

ఎముకలు గట్టిపడాలని రోజూ నడుముకీ భుజాలకీ కిందికి లాగే బెల్టులు బిగించుకుని పరిగెడుతున్నాను. పరిగెత్తి వచ్చి బట్టీ దగ్గర నిలబడితే కాళ్ళు వణుకుతాయి. ఈ ఎండ పక్షంలో పడుకునే గదుల కప్పు పూర్తి కావాలి. సగం పడింది. బయటి నుంచి వచ్చే కిరణాలకి అడ్డుగా మట్టిని కాల్చి, ఇటుక చేసి, నాలుగు వరసలు కప్పుతాం. ఈ ఇటుక ఎత్తడానికి తేలికే కానీ ఆపడానికి కాదు. ఊపు మీద వచ్చే ఇటుకకీ గోడకీ మధ్య కొత్తవాళ్ళ వేళ్ళు నలిగేది అందుకే. బట్టీ తెరిచినప్పుడు అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వాసన వేస్తుంది. ఈ వాసన నాకు ఇష్టమని ఎవరికైనా చెప్పానో లేదో, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నిన్న కొత్త తొడుగులు పంచారు. చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. బొటనవేలు మొదట్లో నువ్వు అస్తరుకి రెండోసారి వేసే కుట్టు లేదు. నా జతే అలా ఉందేమోనని పక్కవాళ్ళవి కూడా అడిగి పెట్టుకున్నాను. ఒక్కదాంట్లోనూ నీ చెయ్యి లేదు. ‘మా కుట్టుగదిలో చెప్పాను’ అని రాశావు. నువ్వు కుట్టుగదికి వెళ్ళడం లేదు కదా వదినా? ఎన్నాళ్ళయింది?

ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పడుకోబెడుతూ అన్నయ్య నాకు ఆగని లిఫ్టు కథ చెప్పేవాడు. అందులో లిఫ్టు ఆఖరి అంతస్తులో ఆగకుండా కప్పు చీల్చుకుని పోతూ ఉంటుంది. నేను ఊఁ కొట్టాలి. నిద్రపోయి కూడా ఊఁ కొట్టేదాన్నట. అందుకని మధ్యలో పరీక్ష పెట్టేవాడు. “లిఫ్టులోకి ఏనుగు ఎక్కింది, ఏనుగు బొంగరాన్ని మింగేసింది” అనేవాడు. దానికి కూడా ఊఁ అన్నానంటే నిద్రపోయినట్టు. మెలకువగా ఉంటే మూతి బిగించుకుని ఊరుకునేదాన్ని. అప్పుడు నవ్వి మళ్ళీ మొదలుపెట్టేవాడు. కుదురుగా పడుకోకుండా మంచమంతా తిరుగుతానని బొంగరం అని పేరు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

డాక్టరమ్మ పిలుస్తోంది. కుట్టుగది సంగతి రాయి.

బొంగరం

*

ఇంటి నుంచి

బొంగరానికి,

నా కుట్టు పట్టుకున్నావు. సరే. పని మానేశాను. సెలవు కాదు, మానేశాను. మీ అన్నయ్య పడిపోయిన వారానికే. ఎత్తి కూర్చోబెడుతుంటే నా నడుం పట్టేసింది, కుట్టుమిషన్ ముందు కూర్చుంటే లేవలేకపోయాను. నీకు రాస్తే ఏం చేస్తావు? అంత దూరం నుంచి వచ్చి నడుం పడతావా? అందుకే రాయలేదు.

ఇదిగో, ఇంతకన్నా పెద్దది ఇంకోటి రాయలేదు. నీ కాళ్ళ సంగతి చదివాక నాకు తిండి సయించడం లేదు, కాబట్టి చెప్పేస్తున్నాను.

ఆ ఊఁ నీది కాదు.

ఆ రోజు ఫోను బల్ల మీద పెట్టి ఉంది. ఆయన తల కింద దిండు జారిపోయింది. “దిండు సర్దనా?” అని మెల్లగా అడిగాను. ఊఁ అన్నారు. నేను దిండు మీద చెయ్యి వేసేసరికి నీ గొంతు వచ్చింది, నేను రానా అని. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను నోరు తెరిచేలోపు అటు నుంచి నువ్వు ఏడుస్తూ, వస్తున్నాను వస్తున్నాను అంటున్నావు.

చెప్పొచ్చు. వెంటనే చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకంటే నువ్వు వస్తే బాగుండునని నాకు అనిపించింది. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఒకరుంటే బాగుండుననిపించింది. నీ ఎముకలు విరుగుతాయని నాకు తెలియదు. కానీ తెలిసినా వెంటనే చెప్పేదాన్నని ప్రమాణం చెయ్యలేను.

ఇంకోటి కూడా విను. మీ అన్నయ్య అన్నిటికీ ఊఁ అంటారు. ఆయనకి మిగిలింది అదొక్కటే. నొప్పిగా ఉందా అంటే ఊఁ, లేదా అంటే ఊఁ. పక్కింటావిడ వచ్చి “నన్ను గుర్తుపట్టారా” అంటే ఊఁ అన్నారు, “గుర్తుపట్టలేదా” అంటే దానికీ ఊఁ అన్నారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుపాపుకుందో నవ్వాపుకుందో నాకు తెలియలేదు. డాక్టరు, మాట అర్థమై అంటున్నారో అలవాటుగా అంటున్నారో చెప్పలేమన్నాడు.

ఇదీ సంగతి. ఆ ఊఁని నమ్ముకుని సీటు రాయించావు. ఇప్పుడు నీ ఇష్టం. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు.

వదిన

*

చంద్రుడి మీద నుంచి,
బట్టీ దగ్గర

వదినా,

నిన్ను తిట్టను. తిట్టే మొహం నాకు లేదు.

నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. నా ప్రశ్న మీ ఇంటికి చేరి, దానికి జవాబు పుట్టి, నా దాకా రావాలంటే రెండున్నర సెకన్లు ఆగాలి. ఆ ఊఁ అందులో సగానికే వచ్చేసింది. నా మాట మీ గుమ్మంలో అడుగు పెట్టకముందే బయల్దేరిన జవాబు అది. పదకొండేళ్ళుగా ఈ లైను మీద బతుకుతున్నదాన్ని, ముందే వచ్చిన జవాబు మనది కాదని కొత్తవాళ్ళకి నేర్పేది నేనే. తెలిసి కూడా పట్టుకుపోయాను. ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువు నాదేనని చంకలో పెట్టుకున్నట్టు పట్టుకుపోయాను. అన్నయ్య నన్ను రమ్మనాలి. నాకు అది కావాలి, అంతే.

ఇంకా సీటు వదులుకోలేదు. ఓడకి పేర్లు ఖాయం చేసే రోజు దగ్గరపడింది. అందుకని నీకో పని చెబుతున్నాను. కింద ఉన్నది అన్నయ్యకి. పైకి చదువు. ఒక్కో వాక్యం చదివి ఆగు, మేం లైను మీద ఆగినట్టు. తొందరపడకు. ఆఖరి ప్రశ్న దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగు.

అన్నిటికీ ఊఁ అంటాడని రాశావు. దీనికీ అంటాడు, నాకు తెలుసు. అననీ. కనీసం ఈసారి నా ప్రశ్న చేరాక అంటాడు. అది నాకు చాలు, కాళ్ళు ఏమైతే అవుతాయి. ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు ఏం రాస్తే అది చేస్తాను.

అన్నయ్యా, నేను బొంగరాన్ని.
ఇక్కడ ఎండ పక్షం నడుస్తోంది.
బట్టీ మండుతోంది, గదుల కప్పు మూడో వరస పడింది.
నువ్వు చెప్పిన ఆగని లిఫ్టు నిజంగానే కప్పు చీల్చుకుని వచ్చి నన్ను ఇక్కడ దింపింది.
ఇక్కడ నాకు పని ఉంది, తిండి ఉంది, నా మీద జోకులేసేవాళ్ళు ఉన్నారు.
నేను బయల్దేరిన రోజు నువ్వు ఏడుస్తూనే, లిఫ్టుని మధ్యలో ఆపితే లోపలివాళ్ళకి ఊపిరాడదు, ఆపకు అన్నావు.
కిందికి వస్తే నడవలేకపోవచ్చని డాక్టరమ్మ అంటోంది.
అయినా ఓడలో నాకు సీటు ఉంది.
అన్నయ్యా, నేను రానా?

అయింది. ఆగుతున్నాను.

బొంగరం

*

ఇంటి నుంచి

బొంగరానికి,

చదివాను. పొద్దున్నే మొహం తుడిచి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని చదివాను.

నేను బొంగరాన్ని అంటే ఊఁ అన్నారు. ఎండ పక్షానికి ఊఁ. బట్టీకి ఊఁ. లిఫ్టు దగ్గర ఊఁతో పాటు ఎడమవైపు మూతి కొంచెం కదిలింది, నాకు నవ్వులాగే అనిపించింది. జోకులకి ఊఁ. నువ్వు బయల్దేరిన రోజుకి ఊఁ. డాక్టరమ్మ మాటకి ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. సీటుకి ఊఁ.

“అన్నయ్యా, నేను రానా” అని చదివి ఆగాను.

ఏమీ అనలేదు.

వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ చదివాను. అనలేదు. గొంతు పట్టేసిందేమోనని భయమేసి “దిండు సర్దనా?” అన్నాను. ఊఁ అన్నారు. “మంచినీళ్ళు కావాలా?” ఊఁ. కాగితం పక్కన పెట్టి ఆయన మొహం నా రెండు చేతుల్లోకి తీసుకుని “బొంగరం రానా అని అడుగుతోంది” అన్నాను. మూతి బిగించుకున్నారు. బొంగరం, కదిలే సగం మాత్రమే కాదు, కదలని సగాన్ని కూడా బిగించడానికి చూస్తున్నారు. నా కళ్ళల్లోకే చూస్తున్నారు.

నీ ఏనుగు కథ అప్పుడు గుర్తొచ్చింది. మెలకువగా ఉన్నవాళ్ళే ఊఁ అనకుండా ఊరుకుంటారు.

ఆయన మెలకువగా ఉన్నారు. ఇన్నాళ్ళూ ఉన్నారు. నేను ఆయన ముందే నిలబడి పక్కింటావిడతో, ఈయనకి ఏమీ తెలియదండీ, కట్టెలా పడున్నారు అన్నాను. ఆయన ముందే, నాకెందుకీ బతుకు అన్నాను. అన్నీ విని ఊఁ అన్నారు. ఆ స్టూలు మీదే కూలబడి ఏడ్చాను. ఏడుస్తుంటే కూడా ఊఁ ఊఁ అంటూనే ఉన్నారు, ఎడమ చెయ్యి నా తల మీదికి తేవాలని చూసి చెవి మీద వేశారు.

తర్వాత నీకు రాయడానికి కూర్చున్నాను. ‘ఊఁ అన్నారు’ అని రాస్తే చాలు, నువ్వు వస్తావు. గదిలో మేమిద్దరమే. చూడొచ్చేవాళ్ళు ఎవరున్నారు. అలా రాశాను కూడా. రాసి, ఆయన వైపు చూసి, ఆ కాగితం చింపేశాను. ఉన్న ఒక్క మాటనీ మింగి నోరు మూసుకున్న మనిషి జవాబుని నేను మార్చలేకపోయాను.

మీ లైను పద్ధతిలో రాస్తున్నాను. నేను రానా అని అడిగావు. నువ్వు రావద్దు. ఇది మీ అన్నయ్య మాట.

నాదేం లేదు. నేను బాగానే ఉన్నాను.

వదిన

*

చంద్రుడి మీద నుంచి,
బట్టీ పక్క గది

వదినా,

సీటు వదిలేశాను. వదిలేసి వచ్చి బట్టీ తలుపు దగ్గర కూర్చుని, తెరిచే వేళ దాటిపోయేదాకా ఏడ్చాను. ఆ విడత ఇటుకలన్నీ నల్లగా మాడిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. మాడినవాటిని కూడా కప్పు మీదే వేశారు, నాలుగో వరసలో, నా మంచానికి సరిగ్గా పైన. రమ్మని అనని అన్నయ్య మీద కోపమొచ్చింది. మెలకువగా ఉన్న అన్నయ్య దొరికినందుకు ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఇకమీదట కథ నేను చెబుతాను, వాడు ఊఁ కొడతాడు. మధ్యమధ్యలో ఏనుగుని ఎక్కిస్తాను.

ఈ కాగితం మాత్రం వాడికి చదవకు. ఇది నీది.

నేను డాక్టరమ్మని అడిగాను. ఆఫీసువాళ్ళని అడిగాను. మాట లేని మనిషిని కూడా రెండుసార్లు అడిగాను. ఇన్నాళ్ళలో నిన్ను ఒక్కసారి అడగలేదు. నువ్వేమో ‘నేను బాగానే ఉన్నాను’ అని రాశావు. ఎవరూ అడగకముందే వచ్చిన జవాబు అది. అది నాది కాదు, నీది కూడా కాదు. దాన్ని నేను పట్టుకుపోను.

పక్షానికి ఒకసారి దొరికే లైను ఈసారి నీకు. ఫోను అన్నయ్య బల్ల మీద పెట్టకు, వంటింట్లోకి పట్టుకెళ్ళి తలుపు వేసుకో. నా ప్రశ్న నీ దాకా రానీ. వచ్చాక తొందరపడకు. ఎంతసేపైనా పరవాలేదు, మాకు ఆగడం అలవాటే.

వదినా, నువ్వు ఎలా ఉన్నావు?

అయింది. ఆగుతున్నాను.